ట్రాక్ మీదికి పాత స్పోర్ట్స్ కారు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

పాత స్పోర్ట్స్ కారును ఔత్సాహికుల ట్రాక్ రేసింగ్‌కు సిద్ధం చేసుకోవడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ నెల సమాధానాలు ఇస్తున్నాం. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా కుదించాం. చాలామంది ఇంజన్ శక్తి గురించే అడిగారు. అయితే కారు ఆగే తీరు, ఇంజన్‌కు ఆయిల్ అందే తీరు, నడిపేవారి రక్షణ కుదిరాకనే ఇంజన్ శక్తి గురించి ఆలోచించాలన్నది మా గట్టి అభిప్రాయం కనుక సమాధానాలు కూడా ఆ దృష్టితోనే ఇచ్చాం.

ప్రశ్న: నా దగ్గర 1967 నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎం.జి.బి. రోడ్‌స్టర్ ఉంది. ఇంజన్ బాగానే పనిచేస్తోంది. పాత కార్ల క్లబ్ రేసుల్లో పాల్గొనాలని కోరిక. ఇంజన్ దింపి హార్స్‌పవర్ పెంచడంతో పని మొదలుపెట్టవచ్చా?

సమాధానం: ఇంజన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మొట్టమొదట మీరు దిగదలచిన తరగతి నియమావళిని తెప్పించుకొని, చివరి పుటదాకా చదవండి. కారు తన కాలంలో ఏ రూపంలో పరుగెత్తిందో ఇప్పుడూ ఆ రూపంలోనే ఉండాలన్నది పాత కార్ల రేసింగ్‌కు మూలసూత్రం. అంతర్జాతీయ పోటీలకు ప్రపంచ మోటార్ క్రీడల పాలక సంస్థ ఎఫ్‌.ఐ.ఏ. రూపొందించిన ‘అపెండిక్స్ కె’ నియమాలకు ఆధారం అదే. క్లబ్ స్థాయిలో సడలింపులు ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి కార్బురేటర్ సైజు, చక్రం వెడల్పు, షాక్ అబ్జార్బర్ల రకం వంటివి తేల్చుకోకుండా కొన్న సామాను చివరికి అటక ఎక్కుతుంది.

ఆ తరువాత బాడీని పరీక్షించాలి. మీ కారు మోడల్‌కు ముందు వచ్చిన ఎం.జి.ఎ.కు విడిగా చాసీ (కారు బరువు మోసే చట్రం) ఉండేది. 1962లో వచ్చిన ఎం.జి.బి.కి బాడీయే చాసీ. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో కారు ముందు సగాన్నీ వెనుక సగాన్నీ కలిపి ఉంచే బరువంతా ప్రధానంగా తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ మీదే పడుతుంది. ఇవి అనేక పొరల రేకుతో చేసినవి కాబట్టి పైరేకు రంగుతో నిగనిగలాడుతున్నా లోపలి పొర తుప్పు పట్టి పొడి అయిపోయి ఉండవచ్చు. తలుపు మూసి, దాని వెనుక అంచుకూ బాడీకీ మధ్య ఉన్న సందును పైభాగంలో కొలిచి రాసుకోండి. ఆ పక్క జాకీ పెట్టి కారును ఎత్తి మళ్లీ కొలవండి. సందు కంటికి తెలిసేంతగా మారినా, తలుపు తెరవబోతే పట్టేసినా సిల్స్ బలం పోయినట్టే లెక్క. అలాంటి కారు అడుగు రేకు మీద ఎంత మంచి రోల్ కేజ్ (నడిపేవారి చుట్టూ ఉండే ఉక్కు గొట్టాల చట్రం) వెల్డింగ్ చేసినా, కారు బోల్తా పడినప్పుడు గొట్టాలు ఆ రేకును చీల్చుకొని దిగిపోతాయి తప్ప మిమ్మల్ని కాపాడవు.

బాడీ గట్టిదని తేలాక బ్రేకులు, సీటు, బెల్టులు, ఆయిల్, నీరు, ఆ తరువాత టైర్లు, సస్పెన్షన్, అన్నిటికీ చివర ఇంజన్ శక్తి. కంపెనీ నుంచి వచ్చిన 1,798 సీసీ ఇంజన్ సుమారు 95 హార్స్‌పవర్ ఇచ్చేది. ట్రాక్ మీద సరైన దారి పట్టడం నేర్చుకొనే మొదటి ఏడాదికి అది చాలు. ఇంజన్ ఆరోగ్యం తెలుసుకోవడానికి మాత్రం లీక్‌డౌన్ పరీక్ష చేయించండి. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ చివర పైన నిలిపి, ప్లగ్ రంధ్రం గుండా సిలిండర్‌లోకి గాలి ఎక్కించి, అది ఎటు పోతోందో చెవి ఒగ్గి వినాలి. కార్బురేటర్‌లో బుస వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు లేదా బోరు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ పాడైనట్టు. నాలుగు సిలిండర్లూ ఒకే తీరుగా ఉంటే ఆ ఇంజన్‌తోనే ట్రాక్ మీదికి వెళ్లండి.

ప్రశ్న: ట్రాక్ మీద మూడు నాలుగు రౌండ్లు తిరిగేసరికి బ్రేక్ పెడల్ లోపలికి దిగిపోతోంది. కాసేపు ఆపితే మళ్లీ మామూలుగా ఉంటోంది. పెద్ద డిస్కులు వేయించాలా?

సమాధానం: డిస్కులు మార్చే ముందు ఏది వేడెక్కుతోందో తేల్చుకోవాలి. పెడల్ రాయిలా గట్టిగానే ఉండి కారు ఆగకపోతే బ్రేక్ ప్యాడ్లు తమ హద్దు దాటి వేడెక్కాయని అర్థం. పెడల్ మెత్తబడి లోపలికి దిగితే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి అవుతోందని అర్థం. ఆవిరిని నొక్కితే అది కుంచించుకుపోతుందే గాని పిస్టన్‌ను తోయదు. మీ కారుది రెండో జబ్బు. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది కాబట్టి పెడల్ కోలుకున్నట్టు కనిపిస్తుంది, మీరు నమ్మి మళ్లీ బయలుదేరుతారు. ప్రమాదమంతా ఆ నమ్మకంలోనే ఉంది.

బ్రేకుల మీద పడే భారం ఎంతో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. నడిపేవారితో కలిపి 1,000 కిలోల బరువున్న కారును గంటకు 160 కిలోమీటర్ల వేగం నుంచి 80కి తగ్గిస్తే వేగం సగమే తగ్గుతుంది గాని, కారులోని చలనశక్తిలో ముప్పావు వంతు వేడిగా మారుతుంది. ఒక్కసారి పుట్టే ఆ వేడి సుమారు రెండున్నర లీటర్ల నీటిని మరిగే దాకా కాచడానికి సరిపోతుంది. రౌండుకు నాలుగైదు సార్లు ఇది జరుగుతూ ఉంటే చల్లారే వ్యవధి ఎక్కడిది?

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. రేసింగ్ కోసం చేసే బ్రేక్ ఆయిళ్లు కొత్తగా ఉన్నప్పుడు 300 డిగ్రీలు దాటినా తట్టుకొంటాయి, కాని వాటినీ తరచుగా మార్చాల్సిందే. ఈ కాలమ్ రాస్తున్న నాకు ఇది అనుభవమే. ఆయిల్ ఈ మధ్యే మార్చామని సర్వీసు చేసినవారు చెప్పిన మాట మీద ఆధారపడి ట్రాక్‌లోకి వెళ్లాను. ఐదో రౌండులో పొడవైన దారి చివర పెడల్ నేలను తాకింది. గేర్లు దించుతూ, ట్రాక్ బయటి గడ్డిలోకి దిగి ఆగగలిగాను. తరువాత డిస్కును పట్టే కాలిపర్ మీద ఆయిల్ బయటికి తీసే నిపిల్ విప్పి చూస్తే వచ్చిన ఆయిల్ డికాషన్ రంగులో ఉంది. అప్పటినుంచి ప్రతి రేసు రోజుకు ముందు ఆయిల్ నా చేతులతోనే మారుస్తున్నాను, మీరూ అలాగే చేయండి.

కాబట్టి మొదట కొత్త రేసింగ్ బ్రేక్ ఆయిల్, ట్రాక్‌కు తగిన ప్యాడ్లు, పాత రబ్బరు గొట్టాల స్థానంలో స్టీల్ అల్లిక ఉన్న గొట్టాలు, ముందు నుంచి డిస్కు మధ్యకు గాలి తెచ్చే గొట్టం ఏర్పాటు చేసుకోండి. సిలికాన్‌తో చేసే డాట్ 5 రకం నిలిపి ఉంచే కార్లకు మంచిదే గాని, పెడల్‌ను మెత్తగా ఉంచుతుంది కాబట్టి ట్రాక్‌కు వాడకండి. వెనుక డ్రమ్ములుంటే షూలను సరిగా బిగించుకోండి, లేకపోతే పెడల్ ప్రయాణంలో సగం అక్కడే వృథా అవుతుంది. ప్రతి పరుగు చివర ఒక రౌండు నెమ్మదిగా తిరిగి బ్రేకులను చల్లార్చండి, వేడి మీద హ్యాండ్‌బ్రేక్ వేయకండి. ఇంకొక మాట: అరవైల నాటి చాలా కార్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే బ్రేక్ సర్క్యూట్ ఉంటుంది, ఒక్క గొట్టం పగిలితే నాలుగూ పోతాయి. నియమాలు ఒప్పుకొంటే, పెడల్ నొక్కుడును బ్రేక్ ఆయిల్‌కు అందించే భాగాన్ని మార్చి రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్‌కు మారడం నా దృష్టిలో అన్ని మార్పుల కంటే విలువైనది. ఇవన్నీ చేశాక కూడా జబ్బు తగ్గకపోతే అప్పుడు పెద్ద డిస్కుల గురించి ఆలోచించవచ్చు.

ప్రశ్న: మోటార్‌సైకిల్ హెల్మెట్, కారులో ఉన్న మామూలు సీటు బెల్టు సరిపోతాయా?

సమాధానం: సరిపోవు. కారు రేసింగ్ హెల్మెట్లను లోపలి గుడ్డ మంటలకు ఎంత తట్టుకొంటుందో, రోల్ కేజ్ గొట్టానికి తల పదేపదే తగిలితే ఎంత కాపాడుతుందో చూసి ధ్రువీకరిస్తారు. మోటార్‌సైకిల్ హెల్మెట్లకు ఆ పరీక్షలు ఉండవు. హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ ముద్రలో ‘ఎస్.ఎ.’ అన్న అక్షరాలు కారు రేసింగ్‌కు, ‘ఎం’ అన్నది మోటార్‌సైకిల్‌కు. రేసింగ్ బెల్టు భుజపట్టీలు భుజాల ఎత్తు నుంచి నేరుగా గాని, 20 డిగ్రీలకు మించకుండా కిందికి వాలి గాని వెనక్కి వెళ్లాలి. వాటిని సీటు వెనుక నేలకు బిగిస్తే, గుద్దుకున్న క్షణంలో అవి భుజాలను కిందికి లాగి వెన్నెముకను నలిపేస్తాయి. బెల్టుల మీద గడువు తేదీ ఉంటుంది. అది దాటాక చూడటానికి కొత్తగా ఉన్నా మార్చవలసిందే. రోల్ కేజ్ ప్రధాన కమానుకు ఎఫ్‌.ఐ.ఏ. నియమం 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం గల అతుకులేని ఉక్కు గొట్టాన్ని, లేదా 50 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం గలదాన్ని కోరుతుంది. హెల్మెట్ పెట్టుకొని బెల్టు బిగించి కూర్చున్నాక మీ తల ఆ కమాను కంటే తగినంత కిందుగా ఉండాలి. పొడగరులు సీటు పట్టాలు తీసివేసి, సీటును నేరుగా నేలకు దగ్గరగా బిగించుకోవడం మంచిది.

ప్రశ్న: నా ఎం.జి.బి.కి ఉన్న జంట ఎస్.యు. కార్బురేటర్లను తీసేసి వెబర్ 45 డి.సి.ఓ.ఇ. వేస్తే పికప్ బాగా పెరుగుతుందని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: వెబర్ గొప్ప కార్బురేటరే, దాని గొంతులోంచి వచ్చే శబ్దానికి మురిసిపోనివారు ఉండరు. అయితే మీ పాత ఎస్.యు.లు సరిగా పనిచేస్తున్నాయా అన్నది ముందు చూడాలి. వీటిలో థ్రాటిల్ కడ్డీ తిరిగేచోట బోరు అరిగిపోయి, ఆ సందులోంచి గాలి లోపలికి పోతుంటుంది. ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు కడ్డీ చివర్లో కొద్దిగా పలచని నూనె చుక్క వేసి చూడండి. ఇంజన్ చప్పుడు మారితే అక్కడ గాలి కారుతోంది. కొత్త బుష్షులు వేయించకుండా ఎన్ని స్క్రూలు తిప్పినా ట్యూనింగ్ నిలవదు.

ఎస్.యు.లో పిస్టన్ గాలి ప్రవాహాన్ని బట్టి తనంతట తాను లేస్తూ, దానికి తగిలించిన సూదిని జెట్‌లోంచి పైకి లాగుతుంది; సూది సన్నబడిన కొద్దీ పెట్రోల్ ఎక్కువ వస్తుంది. కనుక క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ), ఎగ్జాస్ట్ మార్చినప్పుడు సూది కూడా మార్చాలి. పిస్టన్ కదలికను నెమ్మదింపజేసే పైనున్న డాష్‌పాట్‌లో ఆయిల్ లేకపోతే థ్రాటిల్ ఒక్కసారిగా తొక్కినప్పుడు పిస్టన్ గభాలున లేచి, గాలి ఎక్కువై మిక్స్చర్ పలచబడుతుంది, ఇంజన్ తడబడుతుంది. చాలామంది కార్బురేటర్ చెడిపోయిందనుకొనే జబ్బుకు మందు ఆ నాలుగు చుక్కల ఆయిలే. రెండు కార్బురేటర్లూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో ఒక రబ్బరు గొట్టం చివర చెవి దగ్గర, రెండో చివర కార్బురేటర్ మూతి దగ్గర పెట్టి వింటే తెలిసిపోతుంది. రెండు చోట్లా బుస ఒకే స్థాయిలో వినిపించే దాకా స్క్రూ తిప్పాలి.

ఎం.జి.బి. ఇంజన్‌లో నాలుగు సిలిండర్లకు హెడ్‌లో ఉన్నవి రెండే ఇన్‌లెట్ రంధ్రాలు, ఒక్కొక్కదాన్ని రెండేసి సిలిండర్లు పంచుకోవాలి. కాబట్టి దానికి సాధారణంగా ఒకే వెబర్ బిగిస్తారు. పై వేగాల్లో లాభం ఉంటుంది. కాని దాని లోపలి భాగాలైన చోక్, మెయిన్ జెట్, ఎయిర్ కరెక్టర్, ఎమల్షన్ ట్యూబ్ అన్నీ ఒకదానికొకటి సరిపడేలా ఎంచుకోవడానికి ఓపికా, ఇంజన్ శక్తిని కొలిచే డైనమోమీటర్ మీద గడిపే సమయమూ కావాలి. ఏ కార్బురేటర్ అయినా ఎగ్జాస్ట్ గొట్టంలో ఆక్సిజన్‌ను కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ అమర్చి, పూర్తి థ్రాటిల్‌లో గాలి, పెట్రోల్ నిష్పత్తి 12.5 నుంచి 13 మధ్య ఉండేలా చూసుకోండి. మిక్స్చర్ పలచబడితే పిస్టన్ తల కరిగి రంధ్రం పడుతుంది, అది మీకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఇగ్నిషన్ టైమింగ్‌ను స్లోలో చూసి ఊరుకోకుండా, ఇంజన్ వేగం పెంచి మొత్తం అడ్వాన్స్ (ప్లగ్ నిప్పురవ్వ ఎంత ముందుగా వస్తోందో ఆ కొలత) ఎంత వస్తోందో స్ట్రోబ్ లైటుతో చూడాలి. పాత డిస్ట్రిబ్యూటర్‌లో స్ప్రింగులు సాగిపోయి ఉంటాయి కాబట్టి స్లోలో సరిగా ఉన్న టైమింగ్ పైన హద్దు దాటిపోవచ్చు.

ప్రశ్న: నా ఎం.జి.బి. ఇంజన్ విప్పి కొత్త క్యామ్‌షాఫ్ట్, ఎక్కువ కంప్రెషన్ పిస్టన్లు వేస్తున్నాను. 7,000 ఆర్.పి.ఎం. దాకా తిప్పాలని ఉంది. జాగ్రత్తలు చెప్పండి.

సమాధానం: మొదటి జాగ్రత్త ఆ అంకె గురించే. పిస్టన్, కనెక్టింగ్ రాడ్ మీద పడే లాగుడు బలం వేగానికి వర్గం చొప్పున పెరుగుతుంది. 6,000 నుంచి 7,000కు పోతే వేగం పెరిగేది ఆరో వంతే, బలం మాత్రం 36 శాతం పెరుగుతుంది. 88.9 మిల్లీమీటర్ల పొడవైన స్ట్రోక్ గల ఎం.జి.బి. ఇంజన్‌లో 6,500 దగ్గరే పిస్టన్ సగటు వేగం సెకనుకు 19 మీటర్లు దాటుతుంది. 1964 చివరిదాకా వచ్చిన ఇంజన్లలో పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్‌ను పట్టుకొనే ప్రధాన బేరింగులు మూడే, ఆ తరువాతివాటిలో ఐదు. రాడ్లకు కొత్త బోల్టులు, రాడ్లు, పిస్టన్ల బరువు సమానం చేయడం, క్రాంక్‌ను ఫ్లైవీల్‌తో కలిపి బ్యాలెన్స్ చేయించడం వంటి పనుల మీద పెట్టే డబ్బు వృథా పోదు. సీసం కలిపిన పెట్రోల్ కాలంలో తయారైన హెడ్ అయితే, ఇప్పటి పెట్రోల్‌కు ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు అరిగి లోపలికి దిగిపోతాయి కాబట్టి గట్టి ఉక్కు సీట్లు వేయించండి.

క్యామ్ విషయంలో మొదటి ఇరవై నిమిషాలే దాని ఆయుష్షును నిర్ణయిస్తాయి. క్యామ్ మీది ఉబ్బులైన లోబులకూ, వాటికి ఆనుకొని కదిలే ట్యాపెట్లకూ ఆయిల్ చాలావరకు క్రాంక్ తిరుగుతూ చిమ్మేదే; స్లోలో అది చాలదు. కాబట్టి లోబులకు అసెంబ్లీ పేస్టు దట్టంగా పూసి, జింకు పాలు ఎక్కువగా ఉన్న ఆయిల్ పోసి, ప్లగ్గులు తీసి స్టార్టర్‌తో తిప్పుతూ గేజీలో ఆయిల్ ప్రెషర్ కనిపించే దాకా ఆగాలి. తరువాత స్టార్ట్ కాగానే స్లోకు దించకుండా 2,000 నుంచి 2,500 మధ్య ఇరవై నిమిషాలు నడపాలి. నేను ఒకసారి కార్బురేటర్లలో పెట్రోల్ నింపకుండా స్టార్టర్‌ను పదే పదే తిప్పాను. పేస్టంతా తుడిచిపెట్టుకుపోయింది. వంద కిలోమీటర్లు కూడా నడవకముందే ఒక ట్యాపెట్ చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే లోబు ముక్కు అరిగి గుండ్రంగా అయిపోయింది, ట్యాపెట్ అడుగున గోరు దిగేంత గుంట పడింది. ఆ ఉక్కు పొడి బేరింగులన్నిటిలోకీ చేరింది కాబట్టి ఇంజన్‌ను మొత్తం మళ్లీ విప్పవలసి వచ్చింది.

రెండో శత్రువు పొడవైన మలుపు. మలుపులో ఆయిల్ ఇంజన్ అడుగున ఉండే సంప్‌లో ఒక పక్కకు పోయి, పంపు గొట్టం గాలి పీల్చుకొంటుంది. గేజీలో ముల్లు ఒక్క క్షణం పడి లేస్తుంది, బేరింగులకు ఆ క్షణం చాలు. సంప్‌లో ఆయిల్‌ను ఆపే అడ్డురేకులు వెల్డింగ్ చేయించండి, డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం పెద్దది పెట్టుకోండి, ఎందుకంటే మలుపులో ముల్లు చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఇంజన్ ఊపిరి గొట్టం నుంచి వచ్చే ఆయిల్ ట్రాక్ మీద పడకుండా క్యాచ్ ట్యాంక్ పెట్టాలి, ఊడిపోకుండా డ్రెయిన్ ప్లగ్‌కు తీగ కట్టాలి. మీ ఆయిల్ వెనుక వచ్చేవారి చక్రాల కిందికి పోతుంది కాబట్టి ఇది మర్యాదకు కూడా సంబంధించిన విషయం.

ఫ్రాన్స్‌లో జరిగిన 1963 లె మాన్స్ 24 గంటల రేసులో పాడీ హాప్‌కిర్క్, అలన్ హచిసన్ నడిపిన ఎం.జి.బి. మొదట్లోనే ఇసుకలో కూరుకుపోయింది. దాన్ని తవ్వి బయటికి తీయడానికి గంటకు పైగా పట్టింది. అయినా ఆ కారు పన్నెండో స్థానంలో రేసు ముగించింది, తన తరగతిలో గెలిచింది. మీ ఇంజన్ కట్టేటప్పుడు, చివరిదాకా నిలవడమే ముఖ్యమని చెప్పే ఈ ఫలితాన్ని దృష్టిలో పెట్టుకోండి.

ప్రశ్న: మలుపులోకి వెళ్లేటప్పుడు కారు ముక్కు తిరగడం లేదు. బయటికి వచ్చేటప్పుడు లోపలి వెనుక చక్రం ఊరికే తిరిగిపోతోంది. వెనుక లైవ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), కమాను పట్టీలు ఉన్నాయి. ఏం చేయాలి?

సమాధానం: మీ మాటకంటే, నా మాటకంటే టైరు చెప్పేది నిజం. సూది ఉన్న థర్మామీటర్ తీసుకొని, వేగంగా తిరిగిన రౌండు నుంచి నేరుగా పిట్‌లోకి వచ్చి, వెంటనే ప్రతి టైరు రబ్బరులో లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున వేడి కొలిచి రాసుకోండి. పైపొర క్షణాల్లో చల్లారిపోతుంది కాబట్టి సూది రబ్బరులోకి దిగాలి. ముందు టైరు బయటి అంచు మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) చాలలేదు. మధ్య భాగం వేడిగా ఉంటే గాలి ఎక్కువైంది. లోపలి అంచు కొద్దిగా వేడిగా ఉండి, అక్కడినుంచి బయటికి క్రమంగా తగ్గితే టైరు మొత్తం పనిచేస్తున్నట్టు. మీ కారు ముందు చక్రాలకు ఆ క్యాంబర్ పెంచితే మొదటి ఫిర్యాదు చాలావరకు తీరుతుంది.

రెండోదానికి మందు అంత తేలిక కాదు. ముందు చక్రాల యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) గట్టిది వేస్తే లోపలి వెనుక చక్రం మీద బరువు నిలుస్తుంది, కాని ముక్కు ఇంకా మొండికేస్తుంది. అందుకే క్యాంబర్ సరిచేశాకే బార్ మార్చాలి. వెనుక బార్ ఉంటే తీసేసి చూడండి. అప్పటికీ చక్రం తిరుగుతుంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక్క చక్రమే ఊరికే తిరగకుండా అడ్డుకొనే గేర్ల అమరిక) తప్ప వేరే దారి లేదు. యాక్సిల్ పక్కకు కదలకుండా పాన్‌హార్డ్ రాడ్ ఉంటే కారు ప్రతి మలుపులోనూ ఒకేలా ప్రవర్తిస్తుంది. చివరగా, మీరు సీట్లో కూర్చొని, ట్యాంకులో సగం పెట్రోల్‌తో నాలుగు చక్రాల కింద తూకాలు పెట్టి చూడండి. ముందు ఎడమ, వెనుక కుడి చక్రాల బరువు కలిపి మొత్తంలో సగానికి దగ్గరగా లేకపోతే కారు ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో మరోలా నడుస్తుంది. ఒకసారికి ఒక్క మార్పే చేసి, కాగితం మీద రాసుకోండి.

ప్రశ్న: రేడియేటర్‌లో కూలెంట్ వాడవచ్చా?

సమాధానం: చాలా ట్రాకుల్లో గ్లైకాల్ కలిసిన కూలెంట్‌ను నిషేధించారు, ఎందుకంటే అది కారితే ట్రాక్ జారుడుగా మారి శుభ్రం చేయడం కష్టమవుతుంది. తుప్పు పట్టకుండా కాపాడే మందు కలిపిన శుద్ధజలం వాడండి. గడ్డకట్టే చలి ఉన్నచోట రేసు కాగానే ఆ నీటిని తీసేయడం మరచిపోకండి.

ప్రశ్న: మొదటి ట్రాక్ రోజు వచ్చే నెల. ఆ రోజు ఏం చేయాలి?

సమాధానం: మొదటి పరుగులో ఐదారు రౌండ్లకు మించి తిరగకండి, కాలంతో పోటీ పడకండి, గేజీలు చూడటానికే వెళ్లండి. లోపలికి రాగానే బానెట్ తెరిచి ఆయిల్, నీరు, పెట్రోల్ ఎక్కడైనా చెమర్చాయేమో టార్చితో వెతకండి. వేడెక్కిన టైర్లలో గాలి పెరుగుతుంది కాబట్టి, ఎంత పెరిగిందో కొలిచి వేడి మీద కావలసిన స్థాయికి తగ్గించండి, చల్లారాక ఎంత ఉందో కూడా రాసుకోండి. చక్రాలు చల్లబడ్డాక టార్క్ రెంచ్‌తో ప్రతి నట్టునూ మళ్లీ సరిచూడండి. తీగ చక్రాలు ఉన్నవారు హబ్ స్ప్లైన్లు (చక్రాన్ని పట్టి తిప్పే పళ్లు) అరిగి కదులుతున్నాయేమో చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపి చూడాలి. టక్కుమన్న చప్పుడు వినిపిస్తే ఆ రోజు ఇక ట్రాక్‌లోకి వెళ్లకండి. అన్నీ సరిగా ఉంటే రెండో పరుగులో మరో నాలుగు రౌండ్లు పెంచండి.